మూడు రోజుల జ్వరం

పుష్పలత పోయిన రెండున్నరేళ్లకు, వేసవి సెలవుల్లో, స్పందన నాకు ఫోన్ చేసింది.

పుష్పలత నా భార్య. స్పందన నా దగ్గర వేములపల్లి హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా ఇంగ్లిషు చదువుకున్న పిల్ల. వాళ్ల నాన్న కృష్ణ మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు గుమాస్తా. ఆమె ఇప్పుడు సూర్యాపేటలో ఒక మెడికల్ కాలేజీలో పీజీ చేస్తోంది. నేను బదిలీ మీద మునగాల స్కూలుకు వచ్చి కోదాడలో ఉంటున్నాను.

తనతోపాటు కాగితాలు చదవడానికి ఒక మనిషి కావాలంది. ఆమె చేస్తున్నది పరిశోధన మీద పరిశోధన. ఒక ప్రశ్న తీసుకుని, దాని మీద లోకంలో ఎక్కడెక్కడ ఏమేం అచ్చయిందో అంతా వెతికి, పనికొచ్చేవి ఏరి, అన్నిటినీ కలిపి ఒక మాట తేల్చాలి. ఏరే పని ఒక్కరు చేస్తే చెల్లదట. ఇద్దరు విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా చదివి, తర్వాత సరిచూసుకోవాలి. ఆమెకు జోడీగా ఉన్న అమ్మాయికి వేరే కాలేజీలో సీటు వచ్చి వెళ్లిపోయింది. డాక్టరే కానక్కర్లేదు, ఇంగ్లిషు వచ్చి, ఓపికున్న మనిషి అయితే చాలని వాళ్ల మేడం హైమావతి గారు ఒప్పుకున్నారట.

"టాపిక్ స్క్రబ్ టైఫస్ సార్," అని ఆగింది స్పందన. "మీకు కష్టమనిపిస్తే వద్దు. నేనింకొకళ్లను సూసుకుంట."

స్క్రబ్ టైఫస్ అంటే గట్ల మీద గడ్డిలో, పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం. పుష్పలత దాంతోనే పోయింది. స్పందనకు ఆ సంగతి తెలుసు. ఆమె ప్రశ్న ఇది: జ్వరం మొదలైన ఎన్నో రోజున సరైన మందు పడింది, ఎంతమంది బతికారు, ఎంతమంది పోయారు.

చేస్తానన్నాను. ఎందుకు చేస్తానన్నానో ఆమెకు చెప్పలేదు. అన్ని దేశాల కాగితాల్లో ఏదో ఒకటి, రోజులతో సంబంధం లేకుండా ఈ జ్వరం మనిషిని తీసుకుపోతుందని చెప్తుందేమో చూడాలనుకున్నాను.

మొదట రెండువేల మూడువందల పదహారు శీర్షికలు, వాటి కింద సారాంశాలు. ఒక్కోదాని పక్కన ఉంచాలా, తీసెయ్యాలా అని గుర్తు పెట్టాలి. తీసేస్తే కారణం రాయాలి. పొద్దున్నే లేచి, వంట చేసుకుని, మధ్యాహ్నం దాకా కూర్చునేవాణ్ని. రోజుకు ఎనభై అయ్యేవి. నెలాఖరున సూర్యాపేట వెళ్లి కాలేజీ క్యాంటీన్లో స్పందనతో కూర్చుని సరిచూసుకున్నాను. ఆమె నూట యాభై ఉంచింది. నేను ఆరువందలు ఉంచాను.

"సార్, మీరు ఎలుకల మీద చేసినవి గూడ ఉంచిన్రు," అంది ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి.

సారాంశం బాగా రాశాడని ఉంచానన్నాను.

"ఇది టెన్త్ వాల్యుయేషన్ కాదు సార్, గ్రేస్ మార్కులు ఎయ్యనీకె. కనికరం లేకుంట తీసెయ్యాలె. మీరు నన్ను కొట్టిన దెబ్బల లెక్కన తీసెయ్యిరి."

నేనెప్పుడు కొట్టాననంటే, ఎనిమిదో తరగతిలో స్పెల్లింగుల కోసం స్కేలుతో రెండుసార్లు అంది. పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. ఆమె చెప్పింది నిజమే. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దినవాణ్ని. రాసినదాంట్లో ఎక్కడ ఒక మార్కు వెయ్యొచ్చో చూడటమే నాకు అలవాటు. ఆ ఆరువందలూ మళ్లీ చదివి, పనికిరానివన్నీ తీసేశాను.

జూలైకి డెబ్బై నాలుగు మిగిలాయి. ఇప్పుడు వాటిని మొత్తం చదవాలి. ఒక్కోదానికి ఒక ఫారం నింపాలి: ఏ ఊరు, ఎంతమంది రోగులు, మందు పడేనాటికి జ్వరం వచ్చి ఎన్ని రోజులు, ఎంతమంది పోయారు. అది కూడా ఇద్దరం విడివిడిగానే. దీనికి ఒక నియమం ఉంది. కాగితంలో ఏముందో అదే రాయాలి. మనకు బయట తెలిసింది రాయకూడదు.

స్కూల్లో ఖాళీ పీరియడ్లో ఒకటి, ఇంటికి వచ్చాక ఒకటి నింపేవాణ్ని. తమిళనాడు, అస్సాం, థాయ్‌లాండ్, కొరియా. అన్నీ ఒకే మాట చెప్తున్నాయి. నాలుగో రోజు మందు పడినవాళ్లు దాదాపు అందరూ ఇంటికి వెళ్లారు. వారం దాటి వచ్చినవాళ్లలో ఊపిరితిత్తులు, మెదడు, కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఏ మెడికల్ షాపులోనైనా దొరికే డాక్సీసైక్లిన్ అనే మందు. రోజులే తేడా. నలభై ఫారాలు నింపేసరికి నేను వెతుకుతున్నది దొరకదని నాకు అర్థమైంది.

నలభై ఒకటోది సూర్యాపేట నుంచి వచ్చింది.

ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూడేళ్లలో చేరిన ముప్పై ఏడు మంది రోగుల గురించి రాశారు. రాసినాయన డాక్టర్ గోవర్ధన్. రెండో పేజీలో ఇరవై రెండో రోగి గురించి విడిగా ఒక పేరా ఉంది. నలభై నాలుగేళ్ల స్త్రీ. భర్త ప్రభుత్వ ఉపాధ్యాయుడు. కాలువ గట్టున గడ్డి కోసిన చరిత్ర ఉంది. చేరేనాటికి జ్వరం మూడు రోజులు. ముందు ఏ చికిత్సా తీసుకోలేదు. చేరిన మూడో రోజు ఉదయం పదకొండు గంటలకు మరణం. ఇంత త్వరగా ప్రాణం తీయడం, ఇంత తొందరగా రక్తపరీక్ష పాజిటివ్ రావడం అరుదని రాసి, చివరన ఇలా ముగించారు: ఆలస్యం ఒక్కటే మరణానికి కారణం కాకపోవచ్చు.

ఆ వాక్యం కోసమే నేను మే నెల నుంచి చదువుతున్నాను.

జ్వరం మూడు రోజులు కాదు. ఎనిమిది. మూడు అని చెప్పింది నేను.

పుష్పలత వాళ్లమ్మ సత్తెమ్మ పాలకీడులో ఉంటుంది. కాలు బెణికిందంటే చూడటానికి వెళ్లిన పుష్పలత, అక్కడున్న నాలుగు రోజులూ ఆమె బర్రెకు గడ్డి కోసుకొచ్చింది. కోదాడ వచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. మా వీధి చివర ఆర్‌ఎంపీ లింగస్వామి దగ్గరికి పోయింది. ఆయన ఒక పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు. పొద్దున, సాయంత్రం సూదులు, రోజు మార్చి రోజు సెలైన్. నేను స్కూలుకు పోయి వచ్చేవాణ్ని. ఆ ఏడు నాకింకా తొమ్మిది సెలవులు మిగిలే ఉన్నాయి.

ఎనిమిదో రోజు పొద్దున ఆమెకు ఊపిరి అందలేదు. నన్ను పట్టుకుని వాళ్లన్న పేరుతో పిలిచింది. కారు మాట్లాడాను. కబురు తెలిసి ముందురోజే వచ్చిన సత్తెమ్మ వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. లింగస్వామి కారు కిటికీ దగ్గరికి వచ్చి, నెమ్మదిగా అన్నాడు.

"సార్, నా పేరు తియ్యకుర్రి. మూడు రోజులని చెప్పుర్రి. ఎక్కువ చెప్తే ఆళ్లు మిమ్ముల్నే తిడతరు."

పెద్దాస్పత్రికి పోయేవాళ్లందరూ చేసే పనే ఇది. ఇన్ని రోజులు ఏం చేశారంటారని రోజులు తగ్గిస్తారు. ముందు చూపించుకున్న సంగతి దాస్తారు. చదువులేని వాళ్లు చేస్తారని నేను అనుకునేవాణ్ని. ఆ రోజు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పెన్ను పట్టుకుని ఎన్ని రోజులని అడిగాడు. ఏం పని చేస్తారనీ అడిగాడు. టీచర్నని చెప్పిన నోటితో ఎనిమిది అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. మూడు అన్నాను. మందులేమైనా వాడారా అంటే జ్వరం బిళ్ల అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ఫారంలో ఆ గడి దగ్గర చాలాసేపు ఆగాను. కాగితంలో ఉన్నదే రాయాలని నియమం ఉంది కదా. మూడు అని రాసి పంపించాను.

రెండు రోజుల తర్వాత స్పందన ఫోన్ చేసింది. సూర్యాపేట కాగితం మీద ఇద్దరి ఫారాలూ కలిశాయని చెప్పింది. మిగతావాటి గురించి ఏదో మాట్లాడి, గొంతు తగ్గించింది.

"సార్, ఆ ఇరవై రెండో పేషెంటు పుష్పలత మేడమేనా?"

ఔనన్నాను.

"చదవంగనే అనుకున్న. అడుగుడా వద్దా అని రెండు రోజులు ఊకున్న," అంది. "ఒక మాట చెప్త సార్, తప్పుగ అనుకోకుర్రి. మీరు ఆలస్యం చేసిన్రేమో అని మీ మనసుల ఉన్నట్టు నాకు అనిపిస్తుండె. చెయ్యలేదు సార్ మీరు. మూడో రోజుకే తీస్కపోయిన్రు. మన డెబ్బై నాలుగిట్ల అంత జల్ది తీస్కపోయి పోగొట్టుకున్నది ఆమె ఒక్కతే. ఈ కాగితం గురించి నేను విడిగా ఒక పేజీ రాస్త. రోజులే అంతా కాదని."

మంచిదమ్మా అని ఫోన్ పెట్టేశాను.

ఆ వారం పిల్లలకు పాఠం చెప్పాను, హాజరు వేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. స్పందన చెప్పింది మనసుకు హాయిగానే ఉంది, ఆ సంగతి ఇక్కడ దాచను. ఒక రోజంతా దాన్ని నిజమని అనుకుని బతికాను. బస్సులో మునగాల నుంచి కోదాడ వస్తూ, తీసుకుపోయాను కదా, మూడో రోజుకే తీసుకుపోయాను కదా అనుకున్నాను. కోదాడలో దిగేసరికి ఆ మూడు నేను చెప్పిందేనని మళ్లీ గుర్తొచ్చింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పాలకీడు వెళ్లాను. సత్తెమ్మ అరుగు మీద కూర్చుని గోంగూర తెంపుతోంది. నాట్లకు పోయి వచ్చిన కాళ్లు ఇంకా బురద పీల్చుకుని నల్లగా ఉన్నాయి. తిన్నవా అని అడిగింది. తర్వాత తింటానన్నాను. కాగితం సంగతి చెప్పాను. నా అబద్ధం అచ్చయిందనీ, డాక్టర్లు దాన్ని చదువుతారనీ, దాన్ని ఇంకొక పుస్తకంలో కలపబోతున్నారనీ చెప్పాను. ఆమె ఆకు తెంపడం ఆపలేదు.

"నువ్వు గా డాక్టరుతోని మూడంటే నేను పక్కకే నిలవడ్డ గదా," అంది.

"ఔను అత్తమ్మా."

"ఎనిమిదని నేననొచ్చు. అనలే. ఎందుకనలేదో నన్ను నువ్వెన్నడన్న అడిగినవా?"

అడగలేదన్నాను.

"నువ్వు సారువి. నలుగుట్ల నీ మాట కొట్టేస్తె నీ ఇజ్జత్ ఏం గావాలె అనుకున్న. ఆ గడియల నాకు బిడ్డ పానం కంటె నీ ఇజ్జతే కండ్లవడ్డది." ఒక కాడ తెంపి పక్కన పడేసింది. "రోజు యాదికొస్తది నాకది."

ఎదురింటివాళ్ల కోళ్లు అరుగెక్కితే ఆమె తోలింది.

"ఇప్పుడు చెప్తె ఏమొస్తది?"

"మనకేం రాదు."

"ఇంకొకలకు?"

నాకు తెలిసింది చెప్పాను. త్వరగా తీసుకుపోయినా పోతారని డాక్టర్లు నమ్మితే, త్వరగా తీసుకురమ్మని చెప్పడం తగ్గిస్తారేమో. ఒక్క కాగితంతో అంత జరగకపోవచ్చు. కానీ ఆ కాగితం తప్పు.

"అయితె చెప్పు," అంది సత్తెమ్మ. "నువ్వొక్కనివే మోసుకోకు. పక్కన నేనున్ననని గూడ చెప్పు."

అన్నం పెట్టింది. తిన్నాను.

సాయంత్రం అక్కడి నుంచే స్పందనకు ఫోన్ చేసి ఎనిమిది రోజులని చెప్పాను. లింగస్వామి సూదుల సంగతి, టైఫాయిడ్ మందు సంగతి, అన్నీ చెప్పాను.

"నేను మార్చలేను సార్," అంది. గొంతు డాక్టరు గొంతులా ఉంది. "మీరు నాకు నోటితోని చెప్తె నేను ఫారంల మార్చొద్దు. రాసినాయన మార్చాలె. గోవర్ధన్ సార్ ఇప్పుడు మిర్యాలగూడల క్లినిక్ పెట్టిండు. నేను ఆయనకు మెయిల్ రాస్త."

"రాయకమ్మా. నేనే పోతా."

"నేను గూడ వస్త సార్."

వద్దన్నాను.

బుధవారం సెలవు పెట్టి మిర్యాలగూడ వెళ్లాను. క్లినిక్ ముందు బెంచీ నిండా జనం. నాది పదిహేడో టోకెన్. నా పక్కన వేములపల్లి నుంచి వచ్చిన ఒకామె కొంగు కప్పుకుని వణుకుతోంది. ఎన్నాళ్లయిందమ్మా అని అడిగాను. వారం దాటింది, సూదులేయించుకున్న తగ్గలేదు అంది. ఆమె వంతు వచ్చి లోపలికి వెళ్లింది. తలుపు బదులు పరదా ఉంది. డాక్టరు ఎన్ని రోజుల నుంచి అని అడగడం, ఆమె "నిన్న మాపటి సంది సార్" అనడం నాకు వినపడ్డాయి.

లేచి పరదా పక్కకు జరిపాను. కాంపౌండరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వారం దాటిందంట సార్," అన్నాను లోపలికి. "నాతో చెప్పింది."

ఆమె నావైపు కోపంగా చూసింది. "నీకెందుకయ్యా నా సంగతి?" అంది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, తల వంచుకుని, తొమ్మిది రోజులని చెప్పింది. ఆయన ముందు రాసిన చీటీ చించేసి, ఆమెను బల్ల మీద పడుకోమని, చంకల్లో, మెడ కింద పురుగు కుట్టిన మచ్చేమైనా ఉందేమోనని చూడటం మొదలుపెట్టాడు. నన్ను బయట కూర్చోమన్నాడు.

నా టోకెన్ పిలిచేసరికి రెండు దాటింది. గోవర్ధన్ నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజు పెన్ను పట్టుకుని ఎన్ని రోజులని అడిగిన కుర్ర డాక్టరు ఈయనే. ఇప్పుడు చెంపల దగ్గర రెండు మూడు తెల్లవెంట్రుకలు. ఏమైతున్నదని అడిగాడు. నాకేం జబ్బు లేదని చెప్పి, సంచిలోంచి ఆయన కాగితం తీసి, రెండో పేజీ తిప్పి బల్ల మీద పెట్టాను.

"ఈ ఇరవై రెండో ఆమె నా భార్య. పేరు పుష్పలత. జ్వరం మూడు రోజులని చెప్పింది నేను. అబద్ధం. ఎనిమిది రోజులు. ఊళ్లో సూదులు కూడా వేయించాం. మా అత్తమ్మ పక్కనే ఉంది, ఆమెకూ తెలుసు."

ఆయన కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. కాంపౌండర్ను పిలిచి కాసేపు ఎవరినీ పంపొద్దన్నాడు.

"పరీక్ష అంత తొందరగ పాజిటివ్ ఎట్ల వచ్చిందా అని నాకు అప్పుడే అనుమానం రావాలె," అన్నాడు. "అరుదైన కేసు దొరికిందని సంబరపడ్డ."

నేను అడగడానికి వచ్చింది అడిగాను.

"ఆ రోజు నేను ఎనిమిదని చెప్పి ఉంటే?"

ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు.

"దాచి ఏం లాభం సార్. మూడు రోజులంటే డెంగీ అనుకున్నం. ఈ పరీక్ష అంత ముందుగ తేలదని మరుసటి రోజుకు పెట్టినం. ఎనిమిదంటే ఆ పూటే మందు మొదలుపెట్టేటోణ్ని." ఆగి, "బతికేదని మాత్రం నేను చెప్పలేను. అప్పటికే ఊపిరితిత్తులు పాడైనయి. బతకొచ్చు, బతకకపోవచ్చు. ఎంత అడిగినా ఇంతకంటే నా దగ్గర లేదు," అన్నాడు.

థాంక్స్ సార్ అన్నాను. ఆయన టేబుల్ మీదున్న నీళ్ల సీసా నా వైపు జరిపాడు. తాగాను.

పత్రికకు సవరణ పంపుతానన్నాడు. ఆలస్యం ఒక్కటే కారణం కాకపోవచ్చన్న వాక్యం తీసేస్తానన్నాడు. అందుకు నేను ఒక కాగితం మీద జరిగింది రాసి సంతకం పెట్టాలి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లిషులో తాను రాసుకుంటానన్నాడు. ఒక తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, బయట ఉన్న రోగుల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చూడటం మొదలుపెట్టాడు. నేను ఆ గదిలోనే ఒక మూల స్టూలు మీద కూర్చుని రాశాను. నేను చెప్పిన అబద్ధం రెండు వాక్యాల్లో అయిపోయింది. లింగస్వామి పేరు రాయలేదు, స్థానికంగా చికిత్స అని రాశాను. తానూ పక్కనే ఉన్నానని చెప్పమన్న సత్తెమ్మ పేరు రాశాను. సంతకం పెట్టి ఇచ్చాను.

ఆయన చదివి, ఒకటి తక్కువైందన్నాడు. జ్వరం మొదలైన తేదీ.

కాగితం మళ్లీ తీసుకున్నాను. అది ఇరవయ్యో తేదీ, గురువారం. స్కూలుకు తయారై మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. పుష్పలత నా అన్నం డబ్బా మూత బిగించి ఇస్తూ, "జర నా మెడ మీద చెయ్యి పెట్టి సూడు, ఒళ్లు ఎచ్చగున్నట్టుంది," అంది. బస్సు టైమైందన్నాను. సాయంత్రం చూస్తానన్నాను. ఆమె సరే అంది.

తేదీ రాశాను. పక్కన ఉదయం ఎనిమిదింపావు అని రాశాను.

"టైము అక్కర్లేదు సార్," అన్నాడు గోవర్ధన్ మెల్లగా. "తేదీ చాలు."

దాన్ని కొట్టెయ్యకుండానే కాగితం ఆయన చేతికిచ్చాను.